నూరవ పరుగు

ఉద్యోగవిరమణానంతరము నేను తార్నాకయందు నివసించుచున్నాను. ప్రాతఃకాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములోనికి పోయి, చెట్లనీడలలో నడచి, ఆర్ట్సు కళాశాల రాతిభవనము ఎదుట కొంతసేపు నిలిచి, తిరిగివచ్చునప్పుడు ఏదో ఒక మైదానపు గట్టున కూర్చుండి పిల్లల క్రికెట్టు చూచుట నా నిత్యకృత్యము. ఈ వయస్సున పరుగెత్తువారిని చూచుటయే మనకు వ్యాయామము.

ఒక ఆదివారమునాడు పదుమూడేండ్ల బాలుడొకడు చక్కగా ఆడుచుండెను. అంతకుముందు అతడు ఒక ఆటలో చేసిన పరుగులలో మిక్కిలి పెద్ద సంఖ్య 38 అట. ఆనాడు దానిని ఎప్పుడు దాటెనో అతనికే తెలియదు. కంటికి బంతి తప్ప మరేమియు కనిపింపనట్లు ఆడుచుండెను. ఇంతలో గట్టుమీది స్నేహితుడొకడు లెక్క చూచి, 47 వచ్చినవనియు, మూడు చేసినచో అర్ధశతకమనియు గొంతెత్తి అరచెను. ఆ క్షణమునుండి ఆ బాలుడు వేరొక బాలుడయ్యెను. చేతితొడుగులు విప్పుచు కట్టుచు నుండెను. బంతికి బంతికి నడుమ లెక్కలు వ్రాయువాని వైపు చూచుచుండెను. 49 వద్ద, అంతవరకు పది బంతులను మర్యాదగా వదలిన చోటనే పదునొకండవ బంతిని వెంటాడి గాలిలోనికి లేపి ఔటయ్యెను. వచ్చి నా ప్రక్కనే గట్టుమీద తలవంచుకొని కూర్చుండెను. వానికి నేను జైసింహ కథ చెప్పితిని. ఆ పేరు వాడు వినియుండలేదు. మన నగరపు బాలురకే ఆ పేరు తెలియకుండుట నాకు కష్టము తోచినందున ఇచ్చట వ్రాయుచున్నాను.

మోట్గన్‌హళ్ళి లక్ష్మీనరసు జైసింహ 1939వ సంవత్సరము మార్చి 3వ తేదీన సికిందరాబాదులో జన్మించెను. తార్నాకకు అది ఎంతో దూరము కాదు. నేను ప్రతిదినము చూచు ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభోత్సవము జరిగినదియు ఆ సంవత్సరముననే. ఆ కాలపు సికిందరాబాదు దండు ప్రదేశము. ఆంగ్ల సైనికుల వలన క్రికెట్టు అచ్చట ఏనాడో పాదుకొనినది. హైదరాబాదులో మొయినుద్దౌలా స్వర్ణపాత్ర కొరకు జరుగు పోటీలకు దేశములోని గొప్ప ఆటగాండ్రు వచ్చి ఆడుచుండెడివారు. ఈ నగరమునకే చెందిన గులాం అహమ్మదు భారతజట్టుకు ఆడుటయే గాక, దానికి నాయకత్వము సైతము వహించెను. అట్టి గాలి పీల్చి పెరిగిన బాలుడు బ్యాటు పట్టుటలో వింత లేదు. ఎంత చిన్నవయస్సున పట్టెననునదే వింత.

1954-55లో, పదునైదేండ్ల వయస్సున, జైసింహ రంజీపోటీలలో హైదరాబాదు పక్షమున తొలిసారి ఆడెను. ఎదుటిపక్షము ఆంధ్రజట్టు. మీకంటె రెండు మూడేండ్లు మాత్రమే పెద్దవాడైన ఆ బాలుడు, తండ్రుల వయస్సు వారు విసరు బంతుల నెదుర్కొని 90 పరుగులు చేసెను. మధ్యవేగపు బంతులు విసరి మూడు వికెట్లును పడగొట్టెను. మొదటి ఆటలోనే శతకము అందుటకు పది పరుగులు తక్కువయ్యెను. అంకెల విషయమున అదృష్టదేవత ఇతనితో ఆదినుండియు ఇట్లే దోబూచులాడెను.

1959లో ఇంగ్లండునకు పోయిన భారతజట్టులో ఇరువదేండ్ల జైసింహకు చోటు లభించెను. లార్డ్సు మైదానమున మొదటి టెస్టు ఆడెను. పరుగులు స్వల్పమే. జట్టు ఆ పర్యటనలో అయిదు టెస్టులును ఓడెను. దానిని గూర్చి చెప్పవలసినది ఇంతే.

ఆయన పేరు లోకము విన్నది మరుసటి జనవరిలో కలకత్తాలో. రిచీ బెనో నాయకత్వమున వచ్చిన ఆస్ట్రేలియా జట్టుతో అది చివరి టెస్టు. మొదటిదినము సాయంకాలము జైసింహ క్రీజులోనికి వచ్చెను. రెండవదినము జట్టంతయు ఔటగు వరకు నిలిచి, తాను మాత్రము ఔటు కాక 20 పరుగులతో వెలుపలికి వచ్చెను. మూడవదినము సాయంకాలము రెండవ ఇన్నింగ్సులో మరల బ్యాటు పట్టి వచ్చెను. నాలుగవ దినమంతయు నిలిచెను. అయిదవ దినమున 74 పరుగులు చేసి ఔటయ్యెను. ఆట ఎవరును గెలువకుండ ముగిసెను. టెస్టు క్రికెట్టులో అయిదు దినములలోను ప్రతిదినము బ్యాటు పట్టిన మొదటి ఆటగాడు ఈ సికిందరాబాదు యువకుడే. తరువాత బాయ్‌కాట్, మనదేశమునుండి రవిశాస్త్రి, పుజారా మొదలైన కొందరు ఈ వరుసలో చేరిరి. మొదటి పేరు మాత్రము జైసింహది.

ఇట్టివానికి ఓర్పు లేదని ఎవరనగలరు? కాన్పూరు ముచ్చట చెప్పుటకు ముందే ఈ సంగతి చెప్పుటకు కారణమిదియే.

1960 డిసెంబరు. పాకిస్తాను జట్టు మనదేశమునకు వచ్చినది. గెలుపుకంటె ఓటమిని గూర్చిన భయమే ఇరుపక్షముల యందును హెచ్చుగా నుండెను. అయిదేండ్ల క్రిందట ఈ జట్లు ఆడిన అయిదు టెస్టులును తేలకుండ ముగిసినవి. ఈమారును అయిదును అట్లే ముగిసినవి. రెండవ టెస్టు కాన్పూరునందలి గ్రీన్‌పార్కులో జరిగెను. పాకిస్తాను మొదట ఆడి 335 పరుగులు చేసెను. జైసింహ బ్యాటు పట్టి నిలిచెను. నిలిచెననుటయే సరియైన మాట. గంట వెనుక గంట గడచెను. ఒక పరుగు, ఆపైన మౌనము. మరల ఒక పరుగు, మరల మౌనము. ప్రేక్షకులు విసిగియుందురు, విసరువారు విసిగియుందురు. ఎనిమిది గంటలకు పైగా ఆయన క్రీజులో గడపెను. రాత్రి వచ్చెను, మరల ఉదయమయ్యెను, ఫలకముమీద ఆయన పేరు ఎదుట అంకె మెల్లగా పెరిగి తుదకు 99 అయ్యెను.

అంతవరకు ఆయన టెస్టులలో చేసిన గరిష్ఠము కలకత్తా 74. శతకము ఎన్నడును చేసియుండలేదు. ఇంకొక్క పరుగు. ఎనిమిది గంటలు తొందర ఎరుగనివాడు ఆ ఒక్క పరుగు కొరకు వికెట్ల నడుమ పరుగెత్తి, గీత చేరకమునుపే వికెట్టు కూలగా రనౌటయ్యెను.

బాలబాలికలారా, ఇచ్చట కొంచెము ఆగుదము. రనౌటనునది ఇద్దరు మనుష్యుల నడుమ జరుగునది. ఒకడు పిలువవలెను, ఒకడు కదలవలెను, దూరమున మరియొకడు బంతిని విసరవలెను. కావున 99 వద్ద రనౌటైనవాడెల్ల భయపడినవాడని తీర్మానించుట న్యాయము కాదు. నేను అట్లనుట లేదు. కాని 99 వద్ద క్రికెట్టు ఆటగాని మనస్సు 59 వద్ద నుండునట్లుండదనుట మాత్రము ఆడినవారెల్లరు ఎరిగినదే. ఏడాది క్రిందటనే, 1959 డిసెంబరులో, ఢిల్లీలో పంకజ్ రాయ్ ఆస్ట్రేలియాపై సరిగా 99 వద్దనే ఔటయ్యెను. అతడు ఎన్నో టెస్టులు ఆడిన పెద్దవాడు; శతకములు చేసినవాడు.

99కిని 100కును భేదమేమి? ఒక్క పరుగు. 58కిని 59కిని గల భేదమే అది. మనకు చేతివ్రేళ్ళు పది యుండుటవలన పదులలో లెక్కించుట నేర్చితిమి, పదిపదులు నూరైనది, నూటికి ఒక పీఠము వేసితిమి. బంతి ఆ లెక్కను ఎరుగదు. 99వ పరుగునకు వచ్చినట్లే నూరవ పరుగునకును వచ్చును. మారునది బంతి కాదు, చూచువాడు.

పల్లెలలో నీళ్ళబిందె నెత్తిన పెట్టుకొని, చేయి వేయకయే, తోడివారితో మాటలాడుచు పోవు స్త్రీలను మీలో కొందరైనను చూచియుందురు. చుక్కనీరు తొణకదు. ఆమెను దారిలో ఆపి, బిందె జాగ్రత్తయని, పడునేమోయని ఎవరైన హెచ్చరించినచో అప్పుడే మెడ బిగియును, అడుగు తడబడును. ఏండ్ల తరబడి అభ్యాసము వలన మెడకు, నడుమునకు, పాదములకు తెలిసియున్న పనిని మనస్సు మధ్యలో వచ్చి నేను చూచుకొందునని లాగికొనుటయే ఇందుకు హేతువు. చేతులు నేర్చిన విద్యకు మనస్సు కాపలా కూర్చుండినచో విద్య బెదరును. నా ఉద్యోగకాలమున లెక్కల పరీక్షలో తొమ్మిది ప్రశ్నలు నిర్దుష్టముగా చేసి, పదవదానికడ, నూటికి నూరు వచ్చునన్న తలపు పుట్టగానే కూడికలో తప్పిన విద్యార్థులను ఎందరినో చూచితిని.

ఈ బాధ అన్నిటికంటె గోల్ఫ్ అను ఆటలో హెచ్చు. అందులో బంతి నేలపై కదలక కూర్చుండును. విసరువాడు లేడు, పట్టువాడు లేడు. పదునెనిమిది గుంటలలో బంతిని ఎంత తక్కువ దెబ్బలతో చేర్చిననంత గొప్ప. ఇతరుల మాట యట్లుంచి, తన పాత లెక్కను తానే దాటవలెనని ఆడువారు ఎక్కువ. పదునాలుగు పదునైదు గుంటలు హాయిగా ఆడి, ఈనాడు నా జీవితములోనే ఉత్తమమైన లెక్క వచ్చునని ఎప్పుడు తోచునో, అప్పుడే చేయి వణకును. జైసింహ పుట్టిన 1939లోనే అమెరికాలో సామ్ స్నీడ్ అను ప్రసిద్ధుడు తమ దేశపు ఓపెన్ పోటీలో చిట్టచివరి గుంటకు వచ్చెను. దానిని అయిదు దెబ్బలలో ముగించినచో గెలుపు అతనిదే. కాని నాలుగింట ముగింపవలెనని అతడు భ్రమపడెను. లేని అవసరమునకు తొందరపడి సాహసపు దెబ్బలు కొట్టి, ఇసుకలో చిక్కి, ఎనిమిది దెబ్బలు తీసికొనెను. తరువాత ఎన్నో గొప్పపోటీలు గెలిచెను గాని ఆ ఒక్క పోటీని జన్మలో గెలువలేకపోయెను. ఎదుట నున్న బంతిని గాక, తలలోని అంకెను కొట్టబోయిన ఫలమది.

ఇక జైసింహ వద్దకు వత్తము. కాన్పూరు తరువాత ఆయన ఏమి చేసెననునది నాకు 99కంటె ముఖ్యముగా తోచును. మరుసటి ఏడు ఇంగ్లండు జట్టు వచ్చెను. బొంబాయి టెస్టులో రెండు ఇన్నింగ్సులలోను యాబది దాటెను. పిమ్మట టెస్టు మరల ఆ కాన్పూరులోనే, ఆ గ్రీన్‌పార్కులోనే. 70 పరుగులు చేసెను. పిమ్మట ఢిల్లీ. 1961 డిసెంబరు, వెనుకటి గాయమునకు సరిగా ఒక ఏడు. అచ్చట 99ని దాటి, నూటిని దాటి, 127 వరకు పోయెను. నూరు ఆయనకు గమ్యము కాక దారిలోని ఒక మైలురాయియైనదని ఆ సంఖ్యయే తెలుపుచున్నది. ఆ పర్యటనలో తుది రెండు టెస్టులు గెలిచి భారతజట్టు మొట్టమొదటిసారిగా ఇంగ్లండుపై పోటీవరుసను గెలిచెను. 1964 జనవరిలో కలకత్తాలో ఆ దేశముపైననే 129 చేసెను. టెస్టులలో ఆయన గరిష్ఠము అదియే.

ఆయన ఆట తీరును కూడ చెప్పవలెను. లేనిచో కాన్పూరు గాథ విని ఆయనను నత్తయని మీరు భ్రమింతురు. సన్నని పొడగరి. చొక్కా పట్టు వలె మెరయును. చేతులు మణికట్టువరకు దించి గుండీలు పెట్టును. మెడపట్టీ ఎత్తి నిలుపును. క్రీజుకు నడచివచ్చుటలోనే ఒక ఠీవి. ఆ ఠీవిని చూచుటకే ఫతేమైదానమునకు జనము వచ్చెడివారు. జట్టు క్షేమము కోరినచో దినమంతయు రాయివలె నిలుచును. మనస్సు పొంగినచో అదే చేతితో బంతిని కంచె దాటించును. ఈ రెండు గుణములు ఒక్కనిలో నుండుట అరుదు.

హైదరాబాదు జట్టుకు పదునైదేండ్లకు పైగా ఆయన నాయకుడు. భారతజట్టుకు నాయకుడైన పటౌడి నవాబు హైదరాబాదు పక్షమున ఆడునప్పుడు జైసింహ చెప్పినట్లు నడచుకొనెడివాడు. దేశమునకు నాయకుడు నగరములో అనుచరుడు! ఇది ఇద్దరికిని గౌరవమే. అట్టి జట్టు ఆయన నాయకత్వమున రంజీపాత్రను ఒక్కసారియు గెలువలేదు. 1964-65లో అంతిమపోటీకి చేరి బొంబాయి చేతిలో ఓడెను. భారతజట్టు నాయకత్వమును ఆయనకు లభింపలేదు. కోరినవన్నియు అందినవాని కథను మీకు చెప్పుట లేదని ముందే గ్రహింపుడు.

1967-68లో ఆస్ట్రేలియాకు పోవు జట్టును ఎన్నుకొనినప్పుడు ఆయనను విడిచిరి. వయస్సు ఇరువదియెనిమిది, ఇక పని ముగిసెనని అనుకొనినవారు కలరు. అచ్చట రెండు టెస్టులు ఓడిరి. చంద్రశేఖరునకు గాయము తగిలి స్వదేశమునకు తిరిగిరాగా, ఆ స్థానమున జైసింహకు పిలుపు వచ్చెను. సముద్రము దాటి విమానమున పోయి, ఆ దేశపు పిచ్చులపై అభ్యాసమునకు చాలినంత వ్యవధి లేకయే, బ్రిస్బేనులో మూడవ టెస్టున దిగెను. మొదటి ఇన్నింగ్సులో 74. రెండవ ఇన్నింగ్సులో భారతజట్టు గెలువవలెనన్న 395 పరుగులు చేయవలెను. ఆ కాలమున అది కొండ. ఆ కొండను జట్టు చాలవరకు ఎక్కినది. జైసింహ తొంబదులు దాటెను, కాన్పూరులో కాలు జారిన మెట్టును దాటెను, 101 చేసెను. జట్టు 355 వద్ద ఔటయ్యెను. 39 పరుగులతో ఓడెను.

ఈ బ్రిస్బేను శతకమును గూర్చి నేను పలుమారులు ఆలోచించితిని. తగినంత అభ్యాసము లేనివాడు, జట్టులోనికి పిలువబడనివాడు, పరాయిదేశమున ఎట్లు నిలువగలిగెను? నాకు తోచినది ఇది. జట్టుకు కావలసిన అంకె 395. అంత పెద్ద అంకె ఎదుట నున్నప్పుడు ఒక మనుష్యుని సొంత అంకె చిన్నదగును. ఇది నా ఊహ మాత్రమే, మీరు కాదనవచ్చును.

1971లో వెస్టిండీసుకు పోయిన జట్టులో ఆయన చివరిసారిగా టెస్టులు ఆడెను. భారతదేశము ఆ గడ్డపై మొదటిసారి పోటీవరుసను గెలిచినది ఆ పర్యటనలోనే. జైసింహ పరుగులు ఎక్కువ చేయలేదు. కాని ఆ జట్టులో కొత్తగా వచ్చిన ఒక పొట్టి యువకుడు, సునీల్ గవాస్కర్, ఆ వరుసలో 774 పరుగులు చేసెను. చిన్ననాటినుండి జైసింహను ఆరాధించినవాడు అతడు. తరువాత తనకు కుమారుడు కలిగినప్పుడు తాను మెచ్చిన ముగ్గురు ఆటగాండ్ర పేర్లు కలిపి, కన్హాయి నుండి రోహన్, జైసింహ నుండి జై, విశ్వనాథ్ నుండి విశ్వ గైకొని, రోహన్ జైవిశ్వయని నామకరణము చేసెను.

జైసింహ 1976-77 వరకు హైదరాబాదుకు ఆడెను. పిదప భారతజట్టును ఎన్నుకొను సంఘమున సభ్యుడయ్యెను. ఆటలకు వ్యాఖ్యానము చెప్పెను. 1999వ సంవత్సరము జూలై 6వ తేదీన, ఊపిరితిత్తుల క్యాన్సరుచే సికిందరాబాదులోనే కన్నుమూసెను. అరువదేండ్లు. పుట్టిన ఊరిలోనే వెళ్ళిపోయెను. 39 టెస్టులు, 2056 పరుగులు. ప్రథమశ్రేణి పోటీలన్నియు కలిపి 13,516 పరుగులు, 33 శతకములు. టెస్టు శతకములు మూడు. నాలుగవది కాదగినది 99గానే పుస్తకములలో నిలిచియున్నది.

ఇదంతయు ఆ ఆదివారమునాడు గట్టుమీద ఆ బాలునకు చెప్పితిని. ఎండ ఎక్కినది. వాని స్నేహితులు సామానులు సర్దుకొని పిలుచుచుండిరి. వాడు లేచి, దుమ్ము దులుపుకొని, నన్నొక్క ప్రశ్న అడిగెను. మాస్టారూ అని పిలిచి, ఎనిమిది గంటలు ఆడి 99 వద్ద మీరుండినచో ఆ పరుగుకు పోయియుండెడివారా అని అడిగెను. ముప్పదియేండ్లకు పైగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవాడను. కొంతసేపు మైదానము వైపు చూచి, పోయియుండెడివాడననియే చెప్పితిని. వాడు నవ్వి, బ్యాటు భుజమున వేసికొని పరుగెత్తెను.